అమెరికా రెసిడెన్సీ ప్రోగ్రాంకి ప్రొబేషన్ పడితే, గుర్తింపు పోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో రెసిడెన్సీ (మన పీజీ లాంటి స్పెషాలిటీ శిక్షణ) చేస్తున్న, అక్కడికి మ్యాచ్ (అభ్యర్థులకు ప్రోగ్రాంలను కేటాయించే పద్ధతి) కోసం సిద్ధమవుతున్న తెలుగు డాక్టర్ల కోసం, ఇక్కడ వాళ్ల గురించి బెంగపడే ఇంట్లోవాళ్ల కోసం ఈ పేజీ. ఇందులో ఉన్నవి సాధారణ నియమాలు. మీ చేతిలో ఉన్న కాంట్రాక్టు, మీ ప్రోగ్రాంకి వచ్చిన ఉత్తరం వీటికన్నా ముందు చదవాల్సినవి.

మా అబ్బాయి ప్రోగ్రాం "ప్రొబేషన్"లో ఉందట. అంటే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు ఉండే ప్రొబేషన్ లాంటిదేనా?

కాదు, దాదాపు దానికి తిరగేసిన అర్థం. మన దగ్గర ప్రభుత్వోద్యోగంలో చేరిన వాళ్లను రెండేళ్లు ప్రొబేషన్‌లో ఉంచి, తర్వాత ఖాయం చేస్తారు. అక్కడ నిందేమీ లేదు. రెసిడెన్సీ ప్రోగ్రాంకి పడే ప్రొబేషన్ మాత్రం గట్టి హెచ్చరిక: "మీరు శిక్షణ ఇస్తున్న తీరు నిబంధనల ప్రకారం లేదు, సరిచేసుకోకపోతే గుర్తింపు తీసేస్తాం" అని. అది పడింది ప్రోగ్రాంకి, మీ అబ్బాయికి కాదు. ఒక రెసిడెంటును విడిగా ప్రొబేషన్‌లో పెట్టడం అనేది ఇంకొకటి ఉంది, అది వ్యక్తి పనితీరుకు సంబంధించినది. లైసెన్సు దరఖాస్తుల్లో "మిమ్మల్ని ఎప్పుడైనా ప్రొబేషన్‌లో పెట్టారా" అని అడిగేది ఆ రెండో దాని గురించే. ప్రోగ్రాంకి పడిన ప్రొబేషన్‌ను అక్కడ రాయాలేమో అని భయపడి "అవును" అని టిక్ పెట్టేవాళ్లున్నారు. ప్రశ్న మీ గురించి అయితే జవాబు మీ గురించే ఉండాలి.

ఇంకొక మాట కూడా ముందే చెప్పుకోవాలి: ప్రొబేషన్‌లో ఉన్న ప్రోగ్రాం గుర్తింపు ఉన్న ప్రోగ్రామే. ఆ కాలంలో చేసిన శిక్షణ అంతా లెక్కలోకి వస్తుంది.

ఈ గుర్తింపు ఇచ్చేది ఎవరు?

ఏసీజీఎంఈ, అంటే అమెరికాలో పీజీ వైద్య శిక్షణకు గుర్తింపు ఇచ్చే మండలి. 1981లో ఏర్పడింది, షికాగోలో ఉంటుంది. ప్రభుత్వ శాఖ కాదు, లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. ఎండీ, డీఓ (అమెరికాలోని రెండు రకాల వైద్య డిగ్రీలు) ప్రోగ్రాంలకు ఒకప్పుడు వేర్వేరు గుర్తింపులుండేవి, 2020 జూన్ నాటికి అన్నీ ఏసీజీఎంఈ కిందికే వచ్చాయి. ఒక్కో స్పెషాలిటీకి ఒక రివ్యూ కమిటీ ఉంటుంది, ఇంటర్నల్ మెడిసిన్‌కి ఒకటి, సర్జరీకి ఒకటి అన్నట్టు. ప్రోగ్రాంలన్నింటినీ నడిపే హాస్పిటల్ లేదా యూనివర్సిటీకి, అంటే స్పాన్సరింగ్ ఇన్‌స్టిట్యూషన్‌కి, విడిగా ఇంకో గుర్తింపు ఉంటుంది. ఈ రెండంచెల సంగతి గుర్తుంచుకోవాలి. ఒక ప్రోగ్రాం గుర్తింపు పోతే మిగతావాటికేమీ కాదు. సంస్థ గుర్తింపే పోతే దాని కింద ఉన్న ప్రోగ్రాంలేవీ నిలవవు.

వార్నింగ్, ప్రొబేషన్, విత్‌డ్రాయల్: వీటి మధ్య తేడా?

కొత్త ప్రోగ్రాం "ఇనీషియల్ అక్రెడిటేషన్"తో మొదలవుతుంది. అది మచ్చ కాదు, వయసు తక్కువని మాత్రమే. సజావుగా నడిస్తే "కంటిన్యూడ్ అక్రెడిటేషన్" వస్తుంది. ఈ రెండింటికీ వెనక "విత్ వార్నింగ్" అనే తోక తగలవచ్చు. లోపాలు పేరుకుంటున్నాయని దాని అర్థం. వార్నింగ్‌లో ఉన్నంతకాలం సీట్లు పెంచమని అడిగినా ఇవ్వరు.

దాని తర్వాతిది ప్రొబేషన్. కాగితాలు చూసి మాత్రమే ప్రొబేషన్ వేయరు, ముందు మనుషుల్ని పంపి తనిఖీ చేయిస్తారు. తనిఖీకి వచ్చినవాళ్లు ప్రోగ్రాం డైరెక్టరుతో, ఫ్యాకల్టీతో, రెసిడెంట్లతో విడివిడిగా మాట్లాడతారు. వరుసగా రెండు వార్షిక సమీక్షలకు మించి ప్రొబేషన్‌లో ఉంచరు. ఆలోగా బాగుపడి పైకి రావాలి, లేదా గుర్తింపు పోవాలి. ఆఖరి మెట్టు విత్‌డ్రాయల్, అంటే గుర్తింపు రద్దు. ప్రోగ్రాం తానే మూసేసుకుంటే "వాలంటరీ విత్‌డ్రాయల్" అని రాస్తారు. ఆ మాట వినడానికి మర్యాదగా ఉంటుంది కానీ లోపల ఉన్న రెసిడెంట్లకు కష్టం అంతే.

ప్రొబేషన్ పడిన ప్రోగ్రాంలలో ఎక్కువభాగం మూతపడతాయన్న భయం చాలామందిలో ఉంది. కానీ ప్రొబేషన్ పెట్టేదే సరిచేసుకోవడానికి గడువు ఇవ్వడం కోసం. కొత్త డైరెక్టరును వేసి, ఫ్యాకల్టీని పెంచి, డ్యూటీ షెడ్యూలు తిరగరాసి బయటపడిన ప్రోగ్రాంలున్నాయి.

ప్రోగ్రాం పరిస్థితి ఏమిటో మేమే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, ఖర్చు లేదు. ఏసీజీఎంఈ వెబ్‌సైటులో ప్రోగ్రాంల వెతుకులాట పేజీ అందరికీ తెరిచే ఉంటుంది. స్పెషాలిటీ, రాష్ట్రం ఎంచుకుంటే ప్రస్తుత హోదా, అది ఏ తేదీ నుంచి అమల్లో ఉందో కనిపిస్తాయి. ప్రోగ్రాం పేరుతో ఒకసారి, స్పాన్సరింగ్ ఇన్‌స్టిట్యూషన్ పేరుతో ఇంకోసారి వెతకండి. చాలామంది మొదటిదే చూసి ఆగిపోతారు.

కనిపించనిది ఏమిటంటే, సైటేషన్లు. అంటే ఫలానా నిబంధన తప్పారు అని కమిటీ రాసిన ఆక్షేపణలు. అవి ప్రోగ్రాంకి పంపే ఉత్తరంలో ఉంటాయి, జనానికి చూపరు. ఇంటర్వ్యూలో అడిగి తెలుసుకోవాల్సింది దాని గురించే.

ప్రొబేషన్, రద్దు లాంటి నిర్ణయం వస్తే ప్రోగ్రాం తన రెసిడెంట్లందరికీ, ఇంటర్వ్యూకి పిలిచిన అభ్యర్థులకూ రాతపూర్వకంగా తెలియజేయాలి. అప్పీలు నడుస్తోంది కదా అని దాచడానికి వీల్లేదు.

అసలు ప్రొబేషన్ ఎందుకు పడుతుంది?

ఒక్క తప్పుకు పడటం అరుదు. ఏటా కమిటీ ముందుకు కొన్ని లెక్కలు వెళ్తాయి: రెసిడెంట్ల సర్వే, ఫ్యాకల్టీ సర్వే, బోర్డు పరీక్షల (శిక్షణ ముగిశాక స్పెషలిస్టు గుర్తింపు కోసం రాసేవి) ఫలితాలు, చేసిన కేసుల లాగ్‌లు, మధ్యలో వెళ్లిపోయినవాళ్ల సంఖ్య, డైరెక్టర్ల మార్పులు, పాత సైటేషన్లకు ఇచ్చిన జవాబులు. వీటిలో రెండు మూడు ఒకేసారి చెడితే కమిటీ కన్ను పడుతుంది.

బోర్డు పరీక్షల లెక్క ఇలా ఉంటుంది. గత మూడేళ్లలో మొదటిసారి పరీక్ష రాసినవాళ్ల ఉత్తీర్ణత చూస్తారు. ఆ స్పెషాలిటీలోని ప్రోగ్రాంలన్నింటినీ వరుసలో పెడితే అడుగున ఉన్న 5 శాతంలో పడకూడదు. 80 శాతం మంది పాసైతే మాత్రం వరుసలో ఎక్కడున్నా ఫర్వాలేదు. చిన్న ప్రోగ్రాంకి ఇది కత్తి మీద సాము. ఏడాదికి నలుగురు బయటికొచ్చే చోట మూడేళ్లకు పన్నెండు మంది. అందులో ముగ్గురు తప్పితే 75 శాతానికి దిగిపోతారు.

సర్జరీలో కేసుల సంఖ్య ప్రాణం. జనరల్ సర్జరీ రెసిడెంటు ఐదేళ్లలో కనీసం 850 మేజర్ కేసులు చేయాలి, అందులో 200 ఆఖరి ఏడాదిలో చీఫ్ రెసిడెంటుగా చేసినవై ఉండాలి. పక్క ఊళ్లో కొత్త హాస్పిటల్ వచ్చి పేషెంట్లు అటు మళ్లినా, పేరున్న ఇద్దరు సర్జన్లు మానేసి వెళ్లినా ఈ అంకె కరిగిపోతుంది. ఎవరి తప్పూ లేకుండానే ప్రోగ్రాం కుంగిపోయే దారి ఇది.

అన్నిటికన్నా తరచుగా కనిపించే మూలం మాత్రం ఒకటే: రెసిడెంటును విద్యార్థిగా కాక చవకగా దొరికే పనిమనిషిగా వాడుకోవడం. క్లాసుకు కూర్చున్న మనిషి పేజర్ నాలుగుసార్లు మోగి వార్డుకు పరుగెత్తాల్సి వస్తే, రాత్రి పూట సలహా అడగడానికి సీనియర్ ఫోనెత్తకపోతే, ఫిర్యాదు చేసినవాళ్ల రొటేషన్లు మారిపోతుంటే అవన్నీ సర్వేలో అంకెలుగా తేలతాయి. ఇక డైరెక్టరు రెండేళ్లలో ముగ్గురు మారారంటే ఆ ప్రోగ్రాంలో పాత సైటేషన్లను పట్టించుకునే నాథుడు లేడని కమిటీ అనుకుంటుంది. చాలాసార్లు అది నిజమే.

80 గంటల నియమం లెక్క సరిగ్గా ఎలా వేయాలి?

వారానికి 80 గంటలు మించకూడదు, నాలుగు వారాల సగటు మీద. గందరగోళమంతా ఈ సగటు దగ్గరే. ఉదాహరణకు నాలుగు వారాల్లో 92, 84, 72, 68 గంటలు చేశారనుకోండి. మొత్తం 316, సగటు 79. నియమం తప్పలేదు. ఇప్పుడు మొదటి మూడు వారాలూ అవే, నాలుగో వారం సెలవు అనుకోండి. మూడు వారాల మొత్తం 248. దాన్ని నాలుగుతో భాగిస్తే 62 వస్తుంది, ఎంతో హాయిగా కనిపిస్తుంది. అలా భాగించకూడదు. సెలవు వారాన్ని లెక్కలోంచి తీసేసి మూడుతో భాగించాలి: 82.7. నియమం తప్పింది. మీ ప్రోగ్రాం సాఫ్ట్‌వేర్ ఏ లెక్క వేస్తోందో ఒకసారి చేత్తో వేసి సరిచూడండి.

ఇంటికి తెచ్చుకుని లాప్‌టాప్‌లో రాసే నోట్సు, ఇంటి నుంచి పేషెంట్ల కోసం చేసే ఫోన్లు, మూన్‌లైటింగ్ (శిక్షణకు బయట అదనపు డబ్బు కోసం చేసే డ్యూటీ) గంటలు, ఇవన్నీ 80లోకే వస్తాయి. మొదటి ఏడాది వాళ్లకు మూన్‌లైటింగ్ అసలు లేదు. ఏడు రోజులకు ఒక రోజు పూర్తిగా సెలవు ఉండాలి, ఇదీ నాలుగు వారాల సగటే.

వరుస డ్యూటీ 24 గంటలు, ఆపైన పేషెంట్లను అప్పగించడానికి, చదువుకు మరో 4 గంటల వరకు. సోమవారం ఉదయం 7కి వచ్చినవాళ్లు మంగళవారం ఉదయం 7 తర్వాత కొత్త పేషెంటును తీసుకోకూడదు, 11కల్లా గేటు దాటాలి. ఆ తర్వాత 14 గంటల విరామం తప్పనిసరి. మంగళవారం 11కి వెళ్లాల్సిన మనిషి మధ్యాహ్నం క్లినిక్‌లో కనిపిస్తే అది ఉల్లంఘనే, ఎవరు అడిగినా సరే.

సర్వేలో నిజం రాస్తే మా ప్రోగ్రామే మూసేస్తారని సీనియర్లు భయపెడుతున్నారు. ఏం చేయాలి?

నిజమే రాయాలి. ఈ విషయంలో మెలిక మాటలు చెప్పడం మీకు మేలు చేయదు.

సర్వే ఏటా విద్యా సంవత్సరం రెండో సగంలో వస్తుంది. కనీసం 70 శాతం మంది జవాబివ్వాలి. ప్రోగ్రాంకి చేరేది మొత్తం కలిపిన శాతాలే, ఎవరు ఏం రాశారో తెలియదు. మరీ తక్కువ మంది ఉన్న చోట ఒక్క ఏడాది ఫలితాన్ని విడిగా చూపించరు, కొన్నేళ్లవి కలుపుతారు.

ఒక్క ఏడాది సర్వే బాగోలేదని గుర్తింపు తీసేయరు. మొదట "మెరుగుపరచుకోవాల్సినవి" అని రాస్తారు, తర్వాత సైటేషన్, తర్వాత వార్నింగ్. ఈ మెట్లన్నీ ఉన్నది చిన్న లోపం దశలోనే పట్టుకోవడానికి. అందరూ కలిసి మూడేళ్లు "అంతా బాగుంది" అని రాసి, నాలుగో ఏడాది విసిగిపోయి ఉన్నదంతా కుమ్మరిస్తే అంకెలు ఒక్కసారి కూలతాయి. అప్పుడు కమిటీ నేరుగా తనిఖీకి వస్తుంది. దాచడం వల్ల ప్రోగ్రాం బతకదు, బాగుపడే గడువు పోగొట్టుకుంటుంది.

"ఇలా రాయండి" అని ఫ్యాకల్టీ గానీ చీఫ్ రెసిడెంటు గానీ సర్వేకి ముందు మీటింగు పెట్టి చెబితే అది తప్పు. ఏ ప్రశ్నకు ఏ అర్థమో వివరించడం వేరు, జవాబు నేర్పడం వేరు.

వీసా మీద ఉన్నవాళ్లే ఎక్కువ భయపడతారు, అది సహజం. కానీ సర్వేలో రాసిన జవాబుకు, వీసాకు ఏ లంకే లేదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు లోపల: చీఫ్, ప్రోగ్రాం డైరెక్టరు, తర్వాత డీఐఓ, అంటే సంస్థలోని ప్రోగ్రాంలన్నింటికీ బాధ్యుడైన అధికారి. అక్కడ పని జరగకపోతే ఏసీజీఎంఈలో రెండు తలుపులున్నాయి. ఆంబుడ్స్‌పర్సన్ దగ్గర గోప్యంగా మాట్లాడవచ్చు, అది గుర్తింపు నిర్ణయాల దాకా పోదు. ఫిర్యాదుల విభాగానికి రాసేది మాత్రం రివ్యూ కమిటీ ముందుకు వెళ్లగలదు. "నన్ను అన్యాయంగా తీసేశారు, న్యాయం చేయండి" అంటే ఏసీజీఎంఈ తీర్పు చెప్పదు. ఒక రెసిడెంటుకు ఒక డైరెక్టరుకు మధ్య పంచాయితీ దాని పని కాదు. ఏ నిబంధన, ఏ తేదీల్లో, ఎంతమందికి తప్పింది అని రాసిన ఫిర్యాదే నిలుస్తుంది.

పెద్ద పేరున్న చోట చేరితే ఈ గొడవ ఉండదు కదా?

అలాంటి భరోసా లేదు. 2002లో యేల్ సర్జరీ ప్రోగ్రాంకి, 2003లో జాన్స్ హాప్కిన్స్ ఇంటర్నల్ మెడిసిన్‌కి పని గంటల విషయంలో గుర్తింపు రద్దు నోటీసు వచ్చింది. రెండూ షెడ్యూళ్లు మార్చుకుని గుర్తింపు నిలబెట్టుకున్నాయి. న్యూ మెక్సికో యూనివర్సిటీ న్యూరోసర్జరీ ప్రోగ్రాం గుర్తింపును 2019లో రద్దు చేశారు, అది 2020 జూన్ 30తో అమల్లోకి వచ్చింది. 2021 జులైలో టూలేన్‌లో ఏకంగా సంస్థకే ప్రొబేషన్ పడింది. సంస్థకు ప్రొబేషన్ పడినంత మాత్రాన దాని కింద ఉన్న ప్రతి ప్రోగ్రాం ప్రొబేషన్‌లోకి వెళ్లినట్టు కాదు.

నేను చదువుతుండగా గుర్తింపు పోతే అప్పటిదాకా చేసిన ఏళ్లు వృథాయేనా?

వృథా కావు. రద్దు నిర్ణయంలో అమలు తేదీ ఉంటుంది, మామూలుగా విద్యా సంవత్సరం ముగిసే జూన్ 30. ఆ తేదీ దాకా మీరు చేసింది గుర్తింపు ఉన్న శిక్షణే. ఆలోగా ముగించిన ఆఖరి ఏడాది వాళ్లు బోర్డు పరీక్షకు అర్హులే. కింది ఏళ్ల వాళ్లు ఇంకో ప్రోగ్రాంకి మారి మిగతా ఏళ్లు పూర్తిచేయాలి. రద్దు నిర్ణయం వచ్చాక ప్రోగ్రాం కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఉన్నవాళ్లకు వేరే చోటు చూపించడంలో సాయపడటం సంస్థ బాధ్యత.

మారేటప్పుడు మీ స్పెషాలిటీ బోర్డు నియమం చూసుకోండి. జనరల్ సర్జరీలో చివరి రెండేళ్లు ఒకే ప్రోగ్రాంలో చేయాలి. ఫ్యామిలీ మెడిసిన్‌లోనూ రెండో, మూడో ఏడాది ఒకేచోట ఉండాలి. మూతపడిన ప్రోగ్రాంల నుంచి వచ్చినవాళ్లకు బోర్డులు మినహాయింపు ఇస్తాయి, కానీ అడగాలి, చేరకముందే రాతలో తీసుకోవాలి. కొత్త డైరెక్టరు "ఫర్వాలేదు, వాళ్లు ఒప్పుకుంటారు" అన్న నోటిమాట బోర్డును కట్టిపడేయదు.

ప్రొబేషన్ పడిన వెంటనే వేరే ప్రోగ్రాంకి మారిపోవడం మంచిదా?

తొందరపడకండి. ఆఖరి ఏడాదిలో ఉంటే కదలకపోవడమే మేలు. మొదటి ఏడాదిలో ఉండి, సైటేషన్లు మీ శిక్షణకే సంబంధించినవైతే, అంటే కేసులు లేకపోవడం, పర్యవేక్షణ లేకపోవడం లాంటివైతే, వెతుక్కోవడంలో తప్పు లేదు. ఒక తేడా మాత్రం తెలిసి వెతకండి: ప్రోగ్రాం నడుస్తుండగా మీ అంతట మీరు వెళ్లిపోతే, మూతపడినప్పుడు దొరికే నిధుల బదిలీ మీ వెంట రాదు.

నిధుల బదిలీ ఏమిటి? కొత్త హాస్పిటల్ నన్ను తీసుకోవడానికి, దానికి సంబంధమేంటి?

రెసిడెంటు జీతానికి, శిక్షణకు ఎక్కువ డబ్బు మెడికేర్ (అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా వృద్ధుల కోసం నడిపే ఆరోగ్య బీమా) నుంచి వస్తుంది. ఏ హాస్పిటల్‌కి ఎంతమంది రెసిడెంట్ల దాకా ఇవ్వాలన్నదానికి 1997 చట్టం గీత గీసింది. గీత మీద నిండుగా ఉన్న హాస్పిటల్ మిమ్మల్ని తీసుకుంటే మీ ఖర్చు అదే భరించాలి. అందుకని ప్రోగ్రాం మూతపడితే, ఆ రెసిడెంట్లు శిక్షణ ముగించేదాకా గీతను తాత్కాలికంగా పెంచుకునే వీలు కల్పించారు.

ఇక్కడే అసలు మెలిక. హాస్పిటలే మూతపడితే ఆ పెంపు కొత్త హాస్పిటల్‌కి వస్తుంది. హాస్పిటల్ నడుస్తూ ప్రోగ్రాం ఒక్కటే మూతపడితే, పాత హాస్పిటల్ తన గీతను ఆ మేరకు తగ్గించుకోవడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బలవంతం చేసేవాళ్లు లేరు. కాబట్టి మూసివేత మాట వినగానే డీఐఓను అడగాల్సిన మొదటి ప్రశ్న: "మా స్లాట్లను తాత్కాలికంగా వదులుతారా? రాసిస్తారా?" ఆ ఉత్తరం చేతిలో ఉన్న రెసిడెంటుకు, లేని రెసిడెంటుకు కొత్త చోట దొరికే జవాబు వేరుగా ఉంటుంది.

ఇంకోటి, స్పెషాలిటీ మారాలనుకుంటే. మెడికేర్ పూర్తి డబ్బు ఇచ్చేది మీరు మొదట చేరిన స్పెషాలిటీకి కావాల్సినన్ని ఏళ్లే, అదీ ఐదేళ్లకు మించదు. ఆపై ఏళ్లకు నేరుగా ఇచ్చే శిక్షణ నిధుల్లో మిమ్మల్ని సగం మనిషిగా లెక్కేస్తారు.

హోదా బాగానే ఉన్నా హాస్పిటల్ మూతపడొచ్చా?

పడొచ్చు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే ఇదే గుర్తుంచుకోండి. గుర్తింపు హోదా శిక్షణ గురించి చెబుతుంది, హాస్పిటల్ ఖజానా గురించి చెప్పదు.

ఫిలడెల్ఫియాలోని హానమన్ యూనివర్సిటీ హాస్పిటల్ మూసేస్తున్నామని 2019 జూన్ 26న ప్రకటించారు. కొత్త ఇంటర్న్‌లు అప్పుడప్పుడే చేరుతున్నారు. 550 మందికి పైగా రెసిడెంట్లు, ఫెలోలు కొన్ని వారాల్లో వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ప్రోగ్రాంల గుర్తింపులో లోపం కాదు, యాజమాన్యం దివాలా తీసింది. దివాలా కోర్టులో ఆ రెసిడెన్సీ స్లాట్లనే 5.5 కోట్ల డాలర్లకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది, మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ అడ్డుపడింది, చివరికి ఆ అమ్మకం జరగలేదు. ఈలోగా పాత చికిత్సల మీద పడే కోర్టు కేసులకు ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలన్నది నెలల తరబడి తేలక, కొత్త ఊళ్లలో డ్యూటీలు చేసుకుంటున్న రెసిడెంట్లు ఆ దిగులు మోశారు.

ఆ అనుభవం తర్వాత మెడికేర్ నియమం మారింది. అంతకుముందు హాస్పిటల్ మూతపడే రోజు దాకా అక్కడే ఉన్నవాళ్లకే నిధుల బదిలీ వర్తించేది. ఇప్పుడు మూసివేత బహిరంగంగా ప్రకటించిన తర్వాత వెళ్లిపోయినవాళ్లకు, ఆ సమయంలో వేరే హాస్పిటల్‌లో రొటేషన్ చేస్తున్నవాళ్లకు, మ్యాచ్ అయి ఇంకా చేరనివాళ్లకు కూడా వర్తిస్తుంది. అంటే ప్రకటన తేదీ కీలకం. పుకారు విని ప్రకటనకు వారం ముందే రాజీనామా ఇస్తే నష్టపోతారు.

ఖజానా ఎలా ఉందో బయటికి కనిపించే గుర్తులు కొన్ని ఉంటాయి: ప్రసూతి లేదా పిల్లల వార్డు మూసేయడం, సామాన్లు ఇచ్చేవాళ్లు బాకీ ఉందని సరఫరా ఆపడం, ట్రావెలింగ్ నర్సులు ఒక్కసారిగా మాయమవడం, యాజమాన్యం తరచుగా చేతులు మారడం.

జే-1 వీసా మీద ఉన్నాను. ప్రోగ్రాం పోతే వీసా ఏమవుతుంది?

జే-1 డాక్టర్లకు స్పాన్సర్ హాస్పిటల్ కాదు, ఈసీఎఫ్ఎంజీ (విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హతలు చూసే అమెరికా సంస్థ). ఇది మీకు మేలు చేసే సంగతి. హాస్పిటల్ మూతపడ్డా స్పాన్సర్ నిలబడే ఉంటుంది. కానీ మీ డీఎస్-2019 ఫారం మీద ఉన్నది ఆ ప్రోగ్రాం, ఆ స్పెషాలిటీ మాత్రమే. వార్త తెలిసిన రోజే ఈసీఎఫ్ఎంజీకి రాయండి. మీ సంస్థలో వీసా పనులు చూసే కోఆర్డినేటరు రాస్తారులే అని ఆగకండి, ఆ మనిషి ఉద్యోగమూ అదే వారం పోతుండవచ్చు.

కొత్త కాంట్రాక్టు దొరికాక బదిలీకి దరఖాస్తు పెట్టాలి. ఈసీఎఫ్ఎంజీ ఒప్పుకోకముందే కొత్త చోట ఒక్క రోజు కూడా పని చేయకూడదు, ఓరియెంటేషన్ అన్నా సరే. స్పెషాలిటీ మార్పు ఒక్కసారే, అదీ జే-1 మొదలైన మొదటి రెండేళ్లలోపు. మార్చుకుంటే భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి కొత్త స్పెషాలిటీకి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఆ స్పెషాలిటీ డాక్టర్లు దేశానికి అవసరమని చెప్పే పత్రం) మళ్లీ తేవాలి. ఢిల్లీ కాగితానికి పట్టే సమయం ముందే లెక్కేసుకోండి. మొత్తం జే-1 కాలం ఏడేళ్లు. పాత ప్రోగ్రాంలో గడిచిన ఏళ్లూ అందులోంచే పోతాయి, కాబట్టి తర్వాత ఫెలోషిప్ ఆలోచన ఉంటే వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

హెచ్-1బీ అయితే?

ఇక్కడ స్పాన్సర్ హాస్పిటలే, కాబట్టి గడియారం గట్టిగా తిరుగుతుంది. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా మీ ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే పత్రం) గడువు, ఏది ముందైతే అది. ఆలోగా కొత్త యాజమాన్యం పిటిషన్ వేయాలి. సరైన సమయంలో పిటిషన్ దాఖలైతే, ఆమోదం వచ్చేదాకా ఆగకుండా పనిలో చేరవచ్చు. ఇంకో గుంట: యూనివర్సిటీతో అనుబంధం ఉన్న లాభాపేక్ష లేని హాస్పిటళ్లకు వీసా కోటా వర్తించదు. లాభం కోసం నడిచే, యూనివర్సిటీ అనుబంధం లేని హాస్పిటల్‌కి మారితే కోటాలో పడతారు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్న ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

రెండు వీసాల వాళ్లకూ వర్తించేది: ట్రైనింగ్ లైసెన్సు ఆ రాష్ట్రానికి, ఆ ప్రోగ్రాంకి కట్టి ఉంటుంది. రాష్ట్రం మారితే కొత్త దరఖాస్తే, అది వారాలు తీసుకుంటుంది. వీసా బదిలీ, లైసెన్సు ఒకేసారి మొదలుపెట్టండి.

ఏ కాగితాలు ముందే తీసి పెట్టుకోవాలి?

హాస్పిటల్ మూతపడే వారంలో ఐటీ విభాగం లాగిన్లు ఆపేస్తుంది, ప్రోగ్రాం కోఆర్డినేటరు వేరే ఉద్యోగంలో చేరిపోతారు. ఆ తర్వాత ఒక్క సంతకం కోసం తిరగాల్సి వస్తుంది. కనుక ప్రోగ్రాం బాగున్న రోజుల్లోనే ఆర్నెల్లకోసారి ఇవి మీ సొంత డ్రైవ్‌లోకి దించుకోండి, హాస్పిటల్ ఈమెయిల్లో ఉంచకండి:

- ప్రతి ఏడాది సంతకమైన కాంట్రాక్టు
- నెలవారీగా చేసిన రొటేషన్ల పట్టిక, సెలవులతో సహా
- ఆర్నెల్ల మూల్యాంకనాలు, మైల్‌స్టోన్స్ రిపోర్టులు
- కేసు లాగ్, ప్రొసీజర్ల సంఖ్య, పేషెంట్ వివరాలు లేకుండా
- ఇన్సూరెన్స్ సర్టిఫికెట్
- డీఎస్-2019లు లేదా ఐ-797లు (హెచ్-1బీ ఆమోద నోటీసులు), ఐ-94
- ఇప్పటిదాకా శిక్షణ పూర్తయినట్టు డైరెక్టరు సంతకంతో ఉత్తరం

మూల్యాంకనాలు ఎందుకంత ముఖ్యమంటే, మారి వచ్చే రెసిడెంటు పాత శిక్షణ ధ్రువీకరణ, పనితీరు మూల్యాంకనం చేతికి అందకుండా కొత్త ప్రోగ్రాం చేర్చుకోకూడదని ఏసీజీఎంఈ నియమం. మూతపడిన ప్రోగ్రాంల రికార్డులను రాష్ట్రాల మెడికల్ బోర్డుల సమాఖ్య భద్రపరుస్తుంది. పదేళ్ల తర్వాత లైసెన్సు కోసం ధ్రువీకరణ కావాలంటే అక్కడ అడగవచ్చు. అయితే ప్రోగ్రాం అప్పగించిన రికార్డే అక్కడ ఉంటుంది.

ఇన్సూరెన్స్ సంగతి కాస్త విడిగా. పాలసీ "అకరెన్స్" రకమైతే, అప్పట్లో చేసిన చికిత్స మీద కేసు ఎప్పుడు పడ్డా అదే కాపాడుతుంది. "క్లెయిమ్స్-మేడ్" అయితే పాలసీ ఆగిన తర్వాత వచ్చే కేసుకు రక్షణ ఉండదు, దానికి టెయిల్ కవరేజీ కావాలి. టెయిల్ ఇవ్వాల్సింది సంస్థే, నియమం అది. దివాలా తీసిన సంస్థ దగ్గర నియమం ఉన్నా డబ్బు ఉండదు. మీ పాలసీ ఏ రకమో ఈరోజే ఈమెయిల్ పెట్టి అడగండి.

ప్రొబేషన్‌లో ఉన్న ప్రోగ్రాంని ర్యాంక్ లిస్టులో పెట్టవచ్చా?

మ్యాచ్ కాకుండా మిగలడంతో పోలిస్తే చాలామందికి పెట్టడమే మేలు. మన పిల్లలకు ఒక ఏడాది ఖాళీ అంటే గ్రాడ్యుయేషన్ ఏడాది ఇంకాస్త పాతబడటం, మళ్లీ దరఖాస్తుల ఖర్చు. కానీ కళ్లు మూసుకుని పెట్టకండి. ఇంటర్వ్యూలో మర్యాదగా, సూటిగా అడగండి: ఎన్ని సైటేషన్లున్నాయి, దేని మీద? ఏ నెలకల్లా ఏం మారుస్తామని కమిటీకి రాశారు? డైరెక్టరు ఎప్పటి నుంచి ఉన్నారు? గత మూడేళ్లలో ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు? తేదీలతో జవాబిచ్చే ప్రోగ్రాం బాగుపడే దారిలో ఉన్నట్టు. "అదంతా పేపర్ వర్క్ గొడవండి" అని తేలిగ్గా తీసేస్తే కిందికి జరపండి. రెసిడెంట్లతో ఫ్యాకల్టీ లేనప్పుడు మాట్లాడండి. మీ మెడికల్ కాలేజీ సీనియర్ ఎవరైనా అక్కడ ఉంటే ఫోన్లో మాట్లాడండి, మెసేజీల్లో ఎవరూ నిజం రాయరు.

మ్యాచ్ అయ్యాక గుర్తింపు పోతే మీ అంతట మీరు వేరే చోట సంతకం పెట్టకండి. మ్యాచ్ ఫలితం ఒప్పందమే. మ్యాచ్‌ను నడిపే సంస్థ ఎన్ఆర్ఎంపీకి మినహాయింపు కోసం రాసి, అది వచ్చాకే కదలాలి.

సగంలో ఆగిపోయిన రెసిడెన్సీతో తిరిగి వస్తే ఇండియాలో స్పెషలిస్టుగా పనిచేయవచ్చా?

లేదు. అమెరికా పీజీ అర్హతను ఇక్కడ గుర్తిస్తారు, కానీ ఆ దేశంలో ఆ స్పెషాలిటీలో ప్రాక్టీసు చేయడానికి పనికొచ్చే పూర్తి అర్హత అయితేనే. మూడేళ్ల ఇంటర్నల్ మెడిసిన్‌లో రెండేళ్లు చేసి వస్తే ఇక్కడ రిజిస్ట్రేషన్‌లో ఎంబీబీఎస్‌గానే ఉంటారు, పీజీ కావాలంటే నీట్ పీజీ రాయాల్సిందే. అందుకే ప్రోగ్రాం పోయినప్పుడు ఇంటికి టికెట్ కొనేముందు ఆ మిగిలిన ఒక్క ఏడాదికి చోటు వెతకడానికి ఉన్న దారులన్నీ తట్టాలి: ఆ స్పెషాలిటీ ప్రోగ్రాం డైరెక్టర్ల సంఘం పెట్టే ఖాళీల జాబితా, మీ డీఐఓ, పక్క రాష్ట్రాల డీఐఓలు, అక్కడ స్థిరపడిన మీ కాలేజీ సీనియర్లు. నిధులు వెంట వచ్చే రెసిడెంటుకు తలుపు తెరిచే హాస్పిటళ్లుంటాయి. మెయిల్ మొదటి వాక్యంలోనే ఆ సంగతి, మీ పీజీ ఏడాది, వీసా రకం రాయండి.